ఉంటాది బాబూ

సోంబరు నోటికి ‘లేదు’ అన్న మాట రాదు. అది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, నేర్పిన బుద్ధి. డుంబ్రిగుడ దాటాక కొండ వెనకాల ఉన్న వాళ్ళ ఊళ్ళో, గుమ్మంలోకి వచ్చిన మనిషి ముఖం మీద లేదనడం తప్పు. కుండలో అంబలి అడుగంటిపోయినా సరే, ‘ఉంది, కూచో’ అనాలి. అనేసి, పెరటి దారిన పక్కింటికి పోయి ఆనపబుర్రెడు అంబలి అడిగి తెచ్చి పొయ్యాలి. వాళ్ళ నాన్న అలాగే చేసేవాడు. సోమవారం పుట్టాడని సోంబరు అని పేరు పెట్టిన ఆ నాన్నే, ఈ బుద్ధి కూడా పెట్టి పోయాడు.

కొండ మీద ఉన్నన్నాళ్ళూ ఆ బుద్ధి బాగానే ఉంది. ఎనిమిదేళ్ళ కింద, అరకులోయ నుంచి వచ్చే రోడ్డు పక్కన, జలపాతానికి జీపులు బయలుదేరే చోట ఊరివాళ్ళు ఎకరం నేల చదును చేశారు. పర్యాటకుల బండ్లు నిలపడానికి. అక్కడ కాపలాకి సోంబరును పెట్టారు. కాఫీ తోటల్లో పాతికేళ్ళు మూటలు మోసి, ఆ తర్వాత లారీలకి కూరగాయలు ఎత్తి, మోకాళ్ళు రెండూ అరగదీసుకున్నవాడికి ఇన్నాళ్ళకి కూర్చునే పని దొరికిందని అందరూ సంతోషించారు. కూర్చోనిచ్చేదెవరు? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ స్థలంలో మాత్రం అడిగేవాళ్ళందరికీ చెప్పేవాడే లోకువ. బాత్రూము ఉందా? జలపాతంలో నీళ్ళు ఉన్నాయా? దారిలో కోతులున్నాయా? మబ్బు పట్టిందే, వాన వస్తుందా? పొద్దున ఏడింటి నుంచి దీపాలవేళ దాకా ఇదే. లేదంటే ‘ఎందుకు లేదు?’ అని ఇంకో నాలుగు ప్రశ్నలు. ఉందంటే ఒక్క మాటతో పోతారు. అందుకని సోంబరు దేనికైనా ‘ఉంటాది బాబూ’ అనడం మరిగాడు. మొదట్లో మర్యాదగా అన్నదే, ఏళ్ళు గడిచేసరికి ఒట్టి అలసట అయింది. అంబలైతే పక్కింట్లో అడిగి తెచ్చి పొయ్యొచ్చు. ఫోనుకి సిగ్నలు ఏ పక్కింట్లో దొరుకుతుంది?

ఈ మే నెలలో, సంత రోజు పొద్దున తొమ్మిదింటికి ఒక బండి వచ్చింది. బండి అనడం కంటే ఇల్లు అనడం నయం. తెల్లగా, బస్సులో సగం పొడవుంది. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ళ కుళాయి, నెత్తిన ఏసీ. పక్కనే బొంగు చికెన్ దుకాణం నడుపుకునే కనక దాన్ని చుట్టూ తిరిగి చూసి వచ్చింది. కనక సోంబరు చెల్లెలి కూతురు. ముప్ఫై ఏళ్ళుంటాయి. సన్నగా ఉంటుంది, నోరు మాత్రం సన్నం కాదు.

“ఇల్లే తెచ్చీసినారు మావా. ఇంకేటి సూడ్డానికొచ్చినారో,” అంది.

బండిలోంచి టైటస్ అనే ఆయనా, భార్య ఏంజెలినూ దిగారు. విశాఖపట్నంలో ఇద్దరూ పంతుళ్ళు. సెలవులకని ఐదు రోజులకి ఆ బండి అద్దెకి తీసుకున్నారు. ఏంజెలిన్ చేతుల్లో ఒక కుక్క ఉంది. నల్ల మూతి, అణిగిపోయిన ముక్కు, ముఖం నిండా ముడతలు. పేరు డాలీ. ఊపిరి తీస్తుంటే గురక వినిపిస్తోంది.

“పన్నెండేళ్ళదండీ. మా అమ్మ పెంచింది. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటోంది,” అంది ఏంజెలిన్, ఎవరూ అడక్కుండానే.

జలపాతానికి వెళ్ళేది రాళ్ళ దారి. జీపు కుదుపులకి కుర్రవాళ్ళకే నడుములు పడిపోతాయి. ఆ కుక్కని తీసుకెళ్ళడం కుదరని పని. “నేను దీనితో ఉంటాను, మీరు వెళ్ళిరండి,” అంది ఏంజెలిన్. టైటస్ ఒప్పుకోలేదు. ఆయన అజాగ్రత్త మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. బండి ముందు అద్దానికి లోపలి నుంచి వెండి రంగు అట్ట కట్టాడు. గిన్నెలో నీళ్ళు పెట్టాడు. లోపల వేడెక్కితే తన ఫోనుకి కబురు పంపే ఒక చిన్న పరికరం గోడకి తగిలించాడు. కనక దుకాణం నుంచి వైరు లాగి ఏసీ పెట్టాడు. చల్లగాలి వచ్చిందో లేదో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అప్పుడొచ్చి సోంబరును అడిగాడు.

“పెద్దాయనా, మేం వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది. అప్పటిదాకా కరెంటు ఉంటుందా?”

“ఉంటాది బాబూ.”

“బండి మీద నీడ ఉంటుందా?”

“ఉంటాది బాబూ.”

“జలపాతం దగ్గర ఫోనుకి సిగ్నల్ ఉంటుందా?”

సోంబరు ఆ ఉదయం అప్పటికే పద్నాలుగు బండ్లకి చోటు చూపించాడు. మోకాళ్ళు భగ్గుమంటున్నాయి. వెనకాల కుర్చీ ఉంది. ఈయన ఇంకో మాట అడగకుండా జీపెక్కితే చాలు.

“ఉంటాది బాబూ,” అన్నాడు.

మూడూ అబద్ధాలే. వానలు రాకముందే తీగలకి అడ్డొచ్చే కొమ్మలు కొట్టాలని, నెల రోజులుగా ప్రతి సంత రోజూ పదిన్నరకి కరెంటు తీసి రెండు దాటాక ఇస్తున్నారు. జనమంతా సంతలో ఉంటారు గనక ఎవరికీ ఇబ్బంది ఉండదని. కనక కూడా నెలంతా సంతకే పోయేది, ఈ వారమే దుకాణంలో ఉండిపోయింది. రోడ్డు అవతలి చెట్టు నీడ పదకొండింటికల్లా వెనక్కి జరిగిపోతుంది. ఇక జలపాతం దగ్గర సిగ్నలు ఏనాడూ లేదు. ఇవన్నీ సోంబరుకి తెలుసు. తెలిసే చెప్పాడు. ఆ మాటల మీద నమ్మకంతో ఏంజెలిన్ కుక్క నుదురు ముద్దు పెట్టుకుని, లోపల పరుపు మీద దించి, తలుపు తాళం వేయించి జీపెక్కింది.

పదిన్నరకి ఏసీ మోత ఆగింది.

సోంబరు విన్నాడు. వినలేదని అనడానికి వీల్లేదు. కుర్చీలోంచి లేవలేదు, అంతే. ‘ఇది అరకు. ఆంధ్రా ఊటీ అని జనం విరగబడి వస్తారు. ఇక్కడ వేడేమిటి?’ అనుకున్నాడు. ‘కుక్క కదా, కొండ మీద కుక్కలు ఎండలో పడుకోవా?’ అని కూడా అనుకున్నాడు. మనిషి లేవకుండా ఉండాలనుకుంటే కారణాలకేం కొదవ! లోపల కుక్క మొరగసాగింది. మొరగనీ, మనుషులు కనిపించక మొరుగుతోంది అనుకున్నాడు. అలా అరగంట గడిచింది. నీడ మెల్లగా బండి కప్పు మీద నుంచి జారి కిందికి దిగింది. ఎండ తెల్లటి రేకు మీద పడి కళ్ళలో పొడిచింది.

అప్పుడు మొరగడం ఆగిపోయింది.

సోంబరు లేచాడు. ఆ ఆగిపోవడం ఎలాంటిదో అతనికి తెలుసు. పెళ్ళైన కొత్తలో సంతకని పదకొండు కోళ్ళని బుట్టల్లో పెట్టి, టార్పాలిన్ బిగించిన జీపులో వేశాడు. ఘాట్‌లో బండరాళ్ళు పడి దారి ఆగింది. రెండు గంటలు. మొదట కోళ్ళ గోలతో చెవులు చిల్లులు పడ్డాయి, తర్వాత గోల ఆగింది. హమ్మయ్య, నిద్రపోయాయి అనుకున్నాడు అప్పుడు. టార్పాలిన్ ఎత్తేసరికి ఒక్కటీ లేవలేదు. మూసిన బండి ఏం చేస్తుందో చల్లటి కొండ మీద పుట్టిన తనకి ఎవరూ చెప్పలేదని అప్పట్లో సరిపెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ మాట చెల్లదు.

పక్క కిటికీ తెర కాస్త తొలగి ఉంది. ముఖం ఆనించి చూశాడు. కుక్క నేల మీద వెడల్పుగా పడి ఉంది. నాలుక ఇంత పొడుగు బయటికి వచ్చి, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నీళ్ళ గిన్నె తిరగబడి ఉంది.

“కనకా! బేగి రా, గుంటా!”

కనక పరుగెత్తి వచ్చింది. కిటికీలోంచి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, ఫోను సెయ్యి మావా ఆలకి.”

“అక్కడ సిగ్నలేటుందే?”

“మరి ఉంటాదని సెప్పినావు గదా?”

తేలు కుట్టిన దొంగకి ఏడవడానికి కూడా వీలుండదు. మనిషిని పంపుదామంటే ఉన్న జీపులన్నీ సంత కిరాయిలకి పోయాయి. ముగ్గురు కలిసి తోసినా కదిలే బండి కాదది. ఆ స్థలంలో వాళ్ళిద్దరే ఉన్నారు. బండ్లు నిలిపినవాళ్ళంతా కొండ అవతల నీళ్ళలో ఆడుకుంటున్నారు.

అతనికి తెలిసిన విద్య ఒకటుంది. లారీకి చిక్కుడూ క్యారెట్టూ ఎత్తే రోజుల్లో, సరుకు వాడిపోకుండా గోనెసంచులు తడిపి పైన కప్పేవారు. కనక దుకాణంలో బొగ్గులు తెచ్చిన గోనెలు ఉన్నాయి. కొండ ఊట నుంచి గొట్టం వేసిన కుళాయి రోడ్డు దిగువన ఉంది. నలభై మెట్లు. కనక బిందెతో పరుగులు పెట్టింది. సోంబరు బండి వెనకున్న నిచ్చెన పట్టుకుని, ఒక్కో మెట్టుకీ దేవుణ్ణి తిట్టుకుంటూ కప్పు మీదికెక్కి తడి గోనెలు పరిచాడు. పరిచినవి పరిచినట్టే ఆవిరి కక్కాయి. మళ్ళీ నీళ్ళు పోశాడు. కాలిన రేకు తగిలి అరచేతులు బొబ్బలెక్కాయి. మూడు బిందెలయ్యాక దిగి చూస్తే కుక్క కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. చిక్కుడుకాయలకి పనికొచ్చిన విద్య ఊపిరున్నదానికి చాలలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది తన పని.

“అద్దం పగలగొడతాను,” అన్నాడు.

“వద్దు మావా! అద్దె బండంట. ఆలొచ్చి కేసెట్టీగలరు. నిన్నిక్కడ పన్లోంచి తీసీగలరు. కరెంటు పోనాది, మనమేటి సేత్తాం? మన తప్పేటున్నాది?”

ఆ మాట సోంబరు గుండెలో దిగింది. కరెంటు పోతుందని అతనికి ముందే తెలుసని కనకకి తెలియదు. తప్పు ఎవరిదో ఆ స్థలంలో తెలిసినవాడు తానొక్కడే.

పెద్ద రాయి తీసి కిటికీ మీద కొట్టాడు. రాయి ఎగిరి వెనక్కి వచ్చింది. అది గాజు కాదు, దళసరి ప్లాస్టిక్కు. మళ్ళీ కొట్టాడు, గీత పడింది తప్ప పగల్లేదు. అప్పుడు కనక దుకాణంలోకి పోయి, వెదురు బొంగులు చీల్చే కత్తి తెచ్చి చేతికిచ్చింది. వద్దన్న మనిషే తెచ్చి ఇచ్చింది. వెదురు చీల్చడం సోంబరు చేతికి వచ్చిన పని. అంచు దొరికించుకుని, మొన దూర్చి, భుజంతో కాకుండా మణికట్టుతో తిప్పాలి. కిటికీ కింది అంచున రబ్బరు మధ్యకి మొన దూర్చి తిప్పాడు. లోపల గడియ ఒకటి పట్టుకుంది. ఇంకోసారి తిప్పాడు. ఫట్‌మని విరిగింది. రెండోది కూడా విరిగాక కిటికీ పైకి లేచింది. లోపలి గాలి ఉడికే కుండ మూత తీసినట్టు ముఖాన కొట్టింది.

కనక సన్నటి మనిషి కావడం మంచిదైంది. సోంబరు వంగి వీపు ఇచ్చాడు. మోకాళ్ళు ఏమన్నాయో అతనికే తెలియాలి. కనక వీపు మీద కాలుపెట్టి లోపలికి దూరి కుక్కని అందించింది. బతికే ఉంది. తడిగుడ్డలా వేలాడుతోంది.

చెట్టు నీడన గోనె పరిచి పడుకోబెట్టారు. ఊటనీళ్ళు పొట్ట కింద, అరికాళ్ళకి, చెవులకి కొద్దికొద్దిగా రాశారు. కనక పొయ్యి విసిరే చేట తెచ్చి విసిరింది. సోంబరు చూపుడు వేలు నీళ్ళలో ముంచి కుక్క నాలుక మీద పెట్టాడు. ఒకసారి, రెండుసార్లు, ఇరవైసార్లు. వాళ్ళింట్లో మాట్లాడే ఒరియా మాటల్లో ఏదేదో బతిమాలాడు. బతుకు తల్లీ, నాకోసం బతుకు అన్నాడు. కుక్క కోసం కాదు, తన కోసమే అడుగుతున్నాడని అతనికే తెలిసింది. సిగ్గేసింది. అయినా ఆపలేదు.

ఎంతసేపటికో డాలీ అతని వేలు నాకింది. మరికాసేపటికి తల ఎత్తి, ఎప్పటిలాగే గురకపెట్టింది. ఆ గురక విని కనక ఏడ్చేసింది.

ఒంటిగంట దాటాక జీపు వచ్చింది. టైటస్‌కి మొదట కనిపించింది బండి. పైన బొగ్గు మురికి గోనెలు, గోడల మీద నల్లటి నీళ్ళ చారలు, విరిగి వేలాడుతున్న కిటికీ. “ఏం చేశారు నా బండిని? దొంగలా మీరు?” అని అరుస్తూ దిగాడు. ఏంజెలిన్ బండివైపు చూడలేదు. చెట్టు కింద సోంబరు ఒళ్ళో ఉన్న కుక్కని చూసి పరుగెత్తుకొచ్చి కూలబడింది.

కనక గుక్క తిప్పుకోకుండా జరిగింది చెప్పింది. కరెంటు పోయింది, ఎండ మీదికొచ్చింది, కుక్క పడిపోయింది, మావ కప్పెక్కి చేతులు కాల్చుకున్నాడు, కిటికీ విరగ్గొట్టాడు. టైటస్ వింటూ వింటూ చల్లారిపోయాడు. సోంబరు అరచేతులు పట్టుకుని బొబ్బలు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“దొంగలని అన్నాను. క్షమించండి. కిటికీ సంగతి నేను చూసుకుంటాను. మీరు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తోంది,” అన్నాడు. ఏంజెలిన్ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. “మీరు మా డాలీ పాలిట దేవుడు పంపిన మనిషండీ. మా చర్చిలో అందరికీ మీ గురించి చెబుతాను,” అంది.

సోంబరు ఆ దణ్ణం చూడలేక తల దించుకున్నాడు. ఊరుకోవచ్చు. ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. కానీ అరవై రెండేళ్ళ మనిషికి మోసే బరువు ఇంతని ఒకటుంటుంది. అప్పటికే పొద్దుటి నుంచి మోస్తున్నది చాలు.

“నాకు తెలుసమ్మా,” అన్నాడు.

“ఏమిటి?”

“సంతనాడు కరెంటు తీస్తారని తెలుసు. నీడ పోతాదని తెలుసు. అక్కడ సిగ్నలు లేదనీ తెలుసు. తెలిసే ఉంటాదని సెప్పినాను. కరెంటు పోనాక గూడా అరగంట కుర్చీలోంచి లెగలేదు.”

కనక చేతిలో చేట ఆగిపోయింది. టైటస్ పట్టుకున్న చేతులు వదిలేశాడు.

“ఎందుకు చెప్పారండీ అలా?” అంది ఏంజెలిన్. అందులో కోపం లేదు, అర్థంకాక అడిగింది. అదే కష్టంగా ఉంది అతనికి.

“అలిసిపోనానమ్మా,” అన్నాడు సోంబరు. “లేదంటే బాబు ఇంకోటడుగుతారు. నాకు కూచోవాలనిపించినాది. అంతే.”

ఏంజెలిన్ కుక్కని అతని ఒళ్ళోంచి తీసుకుంది. మెల్లగానే తీసుకుంది. లేచి బండివైపు నడుస్తూ, “నేనుంటానన్నాను కదా,” అంది భర్తతో. ఆయన తల వంచుకుని వెనకాలే వెళ్ళాడు. కిటికీకి అట్టముక్క అడ్డంపెట్టి టేపు వేసుకున్నారు. గోనెలు దించి మడతపెట్టి కనక దుకాణం ముందు పెట్టారు. వెళ్ళేటప్పుడు టైటస్ చెయ్యి సగం ఎత్తాడు, ఏంజెలిన్ ఎత్తలేదు. బండి అరకు వైపు మలుపు తిరిగిపోయింది.

కనక మజ్జిగ గ్లాసు తెచ్చి సోంబరుకిచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి.

“ఎందుకు సెప్పీసినావు మావా? దేవుడన్నాది ఆయమ్మ. దణ్ణమెట్టినాది. ఎవులు సెప్పమన్నారు నిన్ను? ఇంత నిజాయితీ ఎక్కణ్ణుంచి ఊడిపడిపోనాది నీకు?”

సోంబరు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. బొబ్బలకి చల్లగా ఉంది.

“నిజాయితీ కాదే,” అన్నాడు. “అది బతికినాది గనక సెప్పగలిగినాను. సచ్చిపోయుంటే, కరెంటు పోతాదని నాకేటి తెలుసమ్మా అని ఆయమ్మ ఎదురుగానే నిలబడి ఒట్టేసీవోణ్ణి.”

కనక కాసేపు అతని ముఖంలోకి చూసి, లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. సోంబరు మజ్జిగ సగమే తాగాడు.